సర్కారు సొమ్ము ముందు ఎవరికి: విద్యుత్ కారు కొనేవారికా, బస్సు ఎక్కేవారికా?

తొలకరి:

అందరికీ నమస్కారం. మా దగ్గర రవాణా విధానం ముసాయిదా బయటికి వచ్చింది. అభ్యంతరాలు, సూచనలు పంపడానికి ఇంకా పది రోజులు గడువు ఉంది. రెండు రాత్రులు కూర్చుని మొత్తం చదివాను. విద్యుత్ కార్లకు, స్కూటర్లకు ఎంత సబ్సిడీ, ఎంత పన్ను మినహాయింపు అన్నది పేజీలకు పేజీలు ఉంది. బస్సులకు దక్కింది రెండు పేజీలు. నడిచేవాళ్ళ గురించి ఒక్క పేరా, అది కూడా చివర్లో.

నేను రోజూ రెండు బస్సులు మారి ఉద్యోగానికి వెళ్తాను. కాబట్టి నా మనసు ఎటు మొగ్గుతుందో దాచను. ప్రభుత్వం చేతిలో ఉన్న డబ్బు ముందు బస్సుకు పోవాలి, ఆ తర్వాతే కారుకు అని నా నమ్మకం. కానీ నమ్మకం ఉన్నంత మాత్రాన ఉత్తరం రాయలేను కదా. ఇతర దేశాల్లో ఏం చేశారు, ఏది పనిచేసింది, ఏది బెడిసికొట్టింది, తెలిసినవాళ్ళు చెప్పండి. నేను తప్పని తేలితే ఉత్తరం అలాగే మార్చి రాస్తాను.

లెక్కల చిట్టా:

తొలకరి గారూ, ఈ విషయంలో అందరూ నార్వే పేరే చెప్తారు. అక్కడి నుంచే మొదలుపెడదాం, ఎందుకంటే ఆ కథను చాలామంది సగమే చెప్తారు.

1989లో ఆ-హా అనే పాప్ బృందం సభ్యులు, బెలోనా అనే పర్యావరణ సంస్థ వాళ్ళు కలిసి, విద్యుత్‌తో నడిచేలా మార్చిన ఒక చిన్న ఫియట్ పాండాను నార్వేలో తిప్పారు. టోల్ కట్టబోమని మొండికేశారు. జరిమానాలు పేరుకుపోయి కారును జప్తు చేసి వేలం వేస్తే, వాళ్ళే మళ్ళీ కొనుక్కుని మళ్ళీ టోల్ ఎగ్గొట్టారు. విద్యుత్ కారుకు టోల్ ఎందుకు అన్న ప్రశ్న జనంలోకి అలా వెళ్ళింది. 1990లో కొనుగోలు పన్ను తీసేశారు. 1997లో టోల్ మినహాయింపు వచ్చింది. 2001లో వ్యాట్ ఎత్తేశారు. 2005లో బస్సుల లేన్‌లో వెళ్ళనిచ్చారు. 2024లో అక్కడ అమ్ముడైన కొత్త కార్లలో 88.9 శాతం పూర్తి విద్యుత్ కార్లు.

ఇప్పుడు రెండో సగం. నార్వే ప్రభుత్వం కొనేవాడికి ఎదురు డబ్బిచ్చి ఈ పని చేయలేదు. పెట్రోలు, డీజిలు కారు మీద బరువును, కాలుష్యాన్ని బట్టి భారీగా పన్ను వేసి, విద్యుత్ కారును ఆ పన్ను నుంచి వదిలేసింది. షోరూములో రెండు కార్లు పక్కపక్కన నిలబెడితే ధరలు దాదాపు ఒకటే అయ్యాయి. పెట్రోలు కారుపై అంత పన్ను లేని చోట అదే ఫలితం కావాలంటే ఖజానా నుంచి ఎదురు కట్టాల్సి వస్తుంది. ఈ తేడా గమనించకుండా 'నార్వే చేసింది, మనమూ చేద్దాం' అంటే కుదరదు.

ఇంకొకటి. బస్సు లేన్‌లోకి విద్యుత్ కార్లను వదిలాక ఏమైంది? కార్లు పెరిగేకొద్దీ బస్సులే వాటి వెనక ఇరుక్కుపోయాయి. 2015లో ఓస్లో దగ్గర ఒక ప్రధాన రహదారిలో, రద్దీ వేళల్లో డ్రైవరు కాక ఇంకో మనిషైనా ఉంటేనే విద్యుత్ కారును ఆ లేన్‌లోకి రానిస్తామని మార్చాల్సి వచ్చింది. 2023లో 5 లక్షల క్రోనర్లు దాటిన విలువపై వ్యాట్ కూడా మొదలుపెట్టారు. ఇవ్వడం తేలిక, వెనక్కి తీసుకోవడమే కష్టం. మీ ముసాయిదాలో ప్రతి రాయితీకీ ముగింపు తేదీ ఉందో లేదో ముందు చూడండి.

మూడో అంతస్తు:

చిట్టా గారూ, రాయితీ వెనక్కి తీసుకోవడం గురించి మీరు చెప్పింది సరే. కానీ ఎలా తీసుకుంటారన్నది కూడా ముఖ్యం. 2023 నవంబరులో జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం వాతావరణ నిధికి 6,000 కోట్ల యూరోల మళ్ళింపు చెల్లదని తీర్పు ఇచ్చింది. దాంతో డిసెంబరులో కారు సబ్సిడీని ఒక్క వారాంతంలో ఆపేశారు. బుక్ చేసుకుని కారు కోసం ఎదురుచూస్తున్నవాళ్ళు నడి రోడ్డు మీద నిలబడ్డారు. 2024లో అక్కడ విద్యుత్ కార్ల అమ్మకాలు 27 శాతం పడిపోయాయి. భారతదేశంలోనూ 2023 జూన్‌లో ద్విచక్ర వాహనాల సబ్సిడీకి ఒక్కసారిగా కోత పెడితే ఆ నెలలో అమ్మకాలు దిగిపోయాయి. అంటే సబ్సిడీ పనిచేస్తోందనేగా? దాన్ని ఎత్తేసి బస్సుకు ఇమ్మనడం నాకు నచ్చలేదు.

నా అనుభవం కూడా చెప్పాలి. మూడో అంతస్తులో ఉంటాను. విద్యుత్ కారు కొని ఏడు నెలలైంది. కింద పార్కింగ్‌లో నా మీటరు నుంచి నా ఖర్చుతో ఒక ఛార్జింగ్ పాయింట్ పెట్టుకుంటానంటే మా అసోసియేషన్ ఒప్పుకోలేదు. 'మంటలొస్తే ఎవరు బాధ్యులు' అన్నారు. ఫైర్ సేఫ్టీ సర్టిఫికెట్ తెస్తానన్నాను. 'ఇవాళ నీకిస్తే రేపు అందరూ అడుగుతారు' అన్నారు. అందరూ అడగాలనే కదా విధానం పెడుతున్నది! జర్మనీలో 2020 డిసెంబరు నుంచి అమలైన చట్టం ప్రకారం ఫ్లాటు సొంతదారు ఛార్జింగ్ పాయింట్ అడిగితే సంఘం అసలే వద్దనడానికి వీల్లేదు. ఇంగ్లండులో 2022 జూన్ నుంచి పార్కింగ్ ఉన్న కొత్త ఇళ్ళన్నిటికీ కట్టేటప్పుడే ఛార్జింగ్ ఏర్పాటు ఉండాలి. ఇందులో ఖజానాకు పైసా ఖర్చు లేదు. తొలకరి గారూ, ఇది మీ ఉత్తరంలో తప్పకుండా రాయండి.

తొలకరి:

రాస్తాను. నేను అసలు ఆలోచించని కోణం ఇది.

స్టీరింగ్:

నేను 19 ఏళ్ళు డీజిల్ బస్సు నడిపాను. రెండేళ్ళుగా విద్యుత్ బస్సు నడుపుతున్నాను. పెద్దపెద్ద లెక్కలు నాకు తెలియవు గానీ సీటులో కూర్చుని చూసింది చెప్తాను.

డీజిల్ బస్సులో ఇంజను నా పక్కనే ఉండేది. ఎండాకాలంలో ఆ వేడికి ఎడమకాలు కాలిపోయేది. షిఫ్టు దిగాక రాత్రి పడుకున్నా చెవుల్లో హోరు ఆగేది కాదు. మా ఇంట్లో నాతో గట్టిగా మాట్లాడటం అలవాటైపోయింది. గేరు మార్చీ మార్చీ భుజం పట్టేసేది. ఇప్పుడు అవేవీ లేవు. వెనక కూర్చున్నవాళ్ళు ఫోనులో మామూలు గొంతుతో మాట్లాడుకుంటున్నారు. యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీస్తే చాలు, బండి దానంతటదే నెమ్మదించి ఆ శక్తి మళ్ళీ బ్యాటరీలోకి వెళ్తుంది. బ్రేకులు అరగడం బాగా తగ్గింది.

కానీ మొదటి ఆరు నెలలు నరకం చూశాం. బస్సులు కొన్నారు, టైమ్‌టేబుల్ మాత్రం డీజిల్ బస్సుదే ఉంచారు. డీజిల్ బండికి పొద్దున ట్యాంకు నింపితే రాత్రిదాకా చూడక్కర్లేదు. దీనికి మధ్యాహ్నం ఒక ఛార్జింగ్ పడాలి. ఏసీ వేసి, మనుషులు కిక్కిరిసి, పైవంతెనలు ఎక్కి దిగితే ఛార్జి ఎంత తొందరగా తగ్గుతుందో కాగితం మీద లెక్కేసినవాళ్ళకు తెలియలేదు. ఒకరోజు ఆఖరి ట్రిప్పులో 6 శాతం మిగిలింది. ఏసీ ఆపేసి, ప్రయాణికులకు దండం పెట్టి చెప్పి, ఎలాగోలా డిపోకు చేర్చాను. డిపోలో బస్సులు ఇరవై, ఛార్జర్లు ఆరు. అందులో ఒకటి ఎప్పుడూ పాడే. ఆ రోజుల్లో ఆ టెన్షన్‌కు మాలో ఇద్దరు మళ్ళీ డీజిల్ రూటే ఇవ్వమని అడిగారు.

కాబట్టి నేను చెప్పేది ఒకటే. ఎన్ని బస్సులు కొంటారో రాసే ముందు డిపోకు కరెంటు ఎంత, ఛార్జర్లు ఎన్ని, డ్రైవరుకు శిక్షణ ఎన్ని రోజులు అని రాయమనండి.

లెక్కల చిట్టా:

స్టీరింగ్ గారు చెప్పింది బంగారం లాంటి మాట. చైనాలోని షెన్‌జెన్ నగరం 2017 చివరికి తన 16,359 బస్సులనూ విద్యుత్ బస్సులుగా మార్చేసింది. ప్రపంచంలో అంత పెద్ద నగరం మొత్తం బస్సులను మార్చడం అదే మొదలు. 2009 నుంచి చిన్న ప్రయోగాలు చేసి, నేర్చుకుని, ఛార్జింగ్ స్థలాలు కట్టుకుంటూ వచ్చాకే అది సాధ్యమైంది.

చిలీ రాజధాని శాంటియాగో వేరే దారి పట్టింది. బస్సు కొనేవాడు ఒకడు, నడిపేవాడు ఇంకొకడు అని ఒప్పందాలు విడదీశారు. విద్యుత్ బస్సు కొనేటప్పుడు ధర ఎక్కువ, నడిపేటప్పుడు ఖర్చు తక్కువ. చిన్న ఆపరేటర్‌కు మొదటి దెబ్బే తట్టుకోలేనంత పెద్దది. ఆ మొదటి దెబ్బను పెద్ద పెట్టుబడిదారు భుజాన వేసుకుని, ఏళ్ళ తరబడి అద్దెలా తిరిగి రాబట్టుకుంటాడు. 2018 చివర్లో మొదటి వంద బస్సులు ఒకేసారి దిగాయి. ఇప్పుడు వేలల్లో ఉన్నాయి.

భారతదేశంలో కిలోమీటరుకు ఇంత అని కట్టే పద్ధతి వచ్చింది. బస్సు ప్రైవేటుది, రూటు, టికెట్టు ప్రభుత్వ రవాణా సంస్థవి. పద్ధతి మంచిదే. అయితే ఆ సంస్థల దగ్గర డబ్బు లేక బిల్లులు ఆగితే ఎలా అన్న భయంతో బ్యాంకులు అప్పివ్వడానికి వెనకాడాయి. అందుకే 2024లో కేంద్రం చెల్లింపులకు భరోసా ఇచ్చే నిధి ఒకటి పెట్టింది. ఇలాంటి భరోసాకు పెట్టే రూపాయి నాలుగు రూపాయల పని చేస్తుందని నా అభిప్రాయం.

సబ్‌స్టేషన్:

విద్యుత్ పంపిణీలో పనిచేస్తాను. ఈ చర్చ చదువుతున్నప్పటి నుంచీ చేతులు ఆగడం లేదు.

వంద బస్సుల డిపో అనుకోండి. ఒక్కో బస్సుకు రాత్రికి 200 యూనిట్లు కావాలంటే మొత్తం 20,000 యూనిట్లు. ఆరు గంటల్లో ఎక్కించాలంటే సగటున 3,300 కిలోవాట్లు. ఇది మామూలు వీధి ట్రాన్స్‌ఫార్మర్ మోసే బరువు కాదు. వేరే ఫీడరు (ప్రత్యేక విద్యుత్ లైను) లాగాలి, చాలాచోట్ల డిపో లోపలే సబ్‌స్టేషన్ కట్టాలి. స్థలం, అనుమతి, కేబులు, అన్నీ కలిసి బస్సు రావడం కంటే ఎక్కువ కాలం పడుతుంది. బస్సులు వచ్చాక మాకు ఉత్తరం రాస్తారు! టెండరు పిలిచే రోజే మమ్మల్ని పిలవండి అని నేను ఎన్ని మీటింగుల్లో అడిగానో.

ఇక కార్ల సంగతి. ఒక వీధిలో 200 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఉంది, అంటే సుమారు 200 కిలోవాట్ల బరువు మోసేది. సాయంత్రం ఏడింటికి 30 మంది ఇంటికొచ్చి 7 కిలోవాట్ల ఛార్జర్లు ఒకేసారి పెడితే అక్కడికే 210 కిలోవాట్లు. ఇళ్ళలో లైట్లు, ఏసీలు దీనికి అదనం. ఫ్యూజు కొట్టేస్తుంది. అయితే భయపడాల్సిన పని లేదు. రోజుకు 40 కిలోమీటర్లు తిరిగే కారుకు కావలసింది 6, 7 యూనిట్లే. అంటే గంట ఛార్జింగ్ చాలు. బండి మాత్రం రాత్రంతా అక్కడే ఉంటుంది. ఆ గంట ఏడింటికి పడుతుందా, రెండింటికి పడుతుందా అన్నదే మొత్తం సమస్య. బ్రిటన్‌లో 2022 జూన్ 30 నుంచి అమ్మే ఇంటి ఛార్జర్లన్నీ స్మార్ట్ ఛార్జర్లే కావాలి. పొద్దున, సాయంత్రం పీక్ వేళల్లో ఛార్జి కాకుండా ముందే సెట్ చేసి ఇవ్వాలి. వద్దనుకున్నవాళ్ళు మార్చుకోవచ్చు. ఒక నిబంధనతో ఎన్ని ట్రాన్స్‌ఫార్మర్ల ఖర్చు తప్పుతుందో చూడండి.

ఎండ ఎక్కువగా ఉండే చోట సౌర విద్యుత్ మధ్యాహ్నం పొంగిపోతుంటుంది. అప్పుడు కార్లన్నీ ఆఫీసుల దగ్గర ఊరికే నిలబడి ఉంటాయి. ఆఫీసు పార్కింగ్‌లో ఛార్జర్లు పెట్టిస్తే రాత్రి బొగ్గు బదులు పగటి ఎండతో బండి నడుస్తుంది.

బొగ్గు మాట వచ్చింది కాబట్టి ఇంకొక్కటి. 'కరెంటు బొగ్గు నుంచే కదా, ఏం లాభం' అంటారు. శుభ్రమైన రవాణాపై పరిశోధన చేసే ఐసీసీటీ అనే అంతర్జాతీయ సంస్థ 2021లో బ్యాటరీ తయారీ నుంచి తుక్కుదాకా మొత్తం లెక్కేసింది. మధ్యస్థాయి విద్యుత్ కారు వల్ల వచ్చే ఉద్గారాలు పెట్రోలు కారుతో పోలిస్తే యూరప్‌లో 66 నుంచి 69 శాతం తక్కువ. బొగ్గు ఎక్కువగా వాడే భారతదేశంలో 19 నుంచి 34 శాతం తక్కువ. లాభం ఉంది. గ్రిడ్ శుభ్రపడితే అదే కారు ఏటేటా ఇంకా శుభ్రమవుతుంది. పెట్రోలు కారుకు ఆ అవకాశం లేదు.

స్పానర్:

అన్నలకు, అక్కలకు నమస్తే. నేను మెకానిక్‌ని. చిన్న షెడ్డు, ఇద్దరు కుర్రాళ్ళు. ఆయిల్ మార్పు, ఫిల్టరు, క్లచ్ ప్లేటు, సైలెన్సరు, ఇవే మా బతుకు. విద్యుత్ బండికి ఇవేవీ లేవు. మంచిదే, గాలి బాగుపడుతుంది, నా పిల్లలూ ఆ గాలే పీలుస్తారు. కానీ మేం ఎటు పోవాలో ముసాయిదాలో ఎక్కడైనా ఉందా, తొలకరి అక్కా?

నేర్చుకోవడానికి నేను సిద్ధం. ఒక విద్యుత్ ఆటో నా దగ్గరికొచ్చింది. ఎర్రర్ కోడ్ చూపిస్తోంది. ఆ కోడ్ చదివే సాఫ్ట్‌వేర్ కంపెనీ సర్వీస్ సెంటరులోనే ఉంటుంది, బయటివాళ్ళకు ఇవ్వరు. ఆ ఆటో అతను నాలుగు రోజులు వాళ్ళ దగ్గర క్యూలో నిలబడ్డాడు. నాలుగు రోజుల సంపాదన పోయింది. చివరికి లోపల ఒక కనెక్టరు వదులైందని తేలింది. ఇంకో బండికి బ్యాటరీలో కొన్ని సెల్స్ పోతే మొత్తం ప్యాక్ మార్చాలన్నారు. బండి విలువలో సగం అదే.

సబ్సిడీ తీసుకున్న ప్రతి కంపెనీ రిపేరు సమాచారం బయటి మెకానిక్కులకు న్యాయమైన ధరకు ఇవ్వాలని షరతు పెట్టలేరా? హైవోల్టేజి పని ప్రాణాల మీదికి తెస్తుంది, నాకూ తెలుసు. అందుకే శిక్షణ అడుగుతున్నాను. గ్లవ్స్, టూల్స్ కొనడానికి చిన్న అప్పు అడుగుతున్నాను. అంతే.

లెక్కల చిట్టా:

స్పానర్ తమ్ముడూ, నువ్వు అడిగినది న్యాయం. యూరోపియన్ యూనియన్ 2023లో బ్యాటరీల చట్టం తెచ్చింది. 2027 ఫిబ్రవరి నుంచి విద్యుత్ వాహనాల బ్యాటరీకి డిజిటల్ పాస్‌పోర్టు ఉండాలి. దేనితో చేశారు, సామర్థ్యం ఎంత మిగిలింది వంటి వివరాలు అందులో ఉంటాయి. సెకండ్ హ్యాండ్ బండి కొనేవాడికి ఇది ప్రాణం. బ్యాటరీ ఎంత బాగుందో తెలియకే పాత విద్యుత్ బండికి ధర పలకడం లేదు.

సైకిల్ బెల్:

ఇంతసేపూ ఇంజను గురించే మాట్లాడుతున్నాం. రోడ్డు గురించి ఎవరూ ఎత్తలేదు. 50 మంది 50 కార్లలో వెళ్తే ఎంత స్థలం తింటారో, ఒక బస్సులో వెళ్తే ఎంత తింటారో కళ్ళతో చూసిందే. కారు కింద పెట్రోలు ఉన్నా బ్యాటరీ ఉన్నా ట్రాఫిక్ జామ్ అదే. టైర్ల నుంచి రాలే ధూళి కూడా పోదు, బండి బరువెక్కితే ఇంకా పెరుగుతుంది. పారిస్‌లో 2024 ఫిబ్రవరిలో ఓటు పెట్టి, ఆ అక్టోబరు నుంచి బయటినుంచి వచ్చేవాళ్ళ బరువైన కార్లకు పార్కింగ్ రుసుము మూడింతలు చేశారు. రెండు టన్నులు దాటిన విద్యుత్ కార్లనూ వదల్లేదు.

కానీ నేను అసలు చెప్పాలనుకున్నది స్టాక్‌హోమ్ గురించి. 2006 జనవరి నుంచి జులైదాకా నగరంలోకి వచ్చే కార్లపై ప్రయోగంగా రుసుము వేశారు. రుసుము వేసే హద్దు దాటే వాహనాలు దాదాపు ఐదో వంతు తగ్గాయి. మొదట్లో జనం గట్టిగా వ్యతిరేకించారు. ఏడు నెలలు ఖాళీ రోడ్లు చూశాక సెప్టెంబరులో రెఫరెండం పెడితే నగరవాసులు స్వల్ప తేడాతో సరే అన్నారు. 2007 ఆగస్టులో శాశ్వతం చేశారు. తొలకరి గారి ప్రశ్నకు జవాబు ఇందులో ఒక చిన్న వివరంలో ఉంది. రుసుము 2006 జనవరిలో మొదలైంది. అదనపు బస్సులు 2005 ఆగస్టులోనే రోడ్డెక్కాయి. కారు దిగమని చెప్పే ముందు ఎక్కడానికి ఒకటి చూపించారు.

మూడో అంతస్తు:

సైకిల్ బెల్ గారూ, మీ మాటలు చదువుతుంటే కారున్నవాడు నేరస్థుడన్నట్టు ఉంది. మా అమ్మకు మోకాళ్ళు పనిచేయవు. వారానికి మూడుసార్లు డయాలసిస్. ఆమెను బస్సు మెట్లు ఎక్కించమంటారా? పెట్రోలు పొగ వదలడానికి మనసొప్పక అప్పు చేసి ఈ కారు కొన్నాను.

సైకిల్ బెల్:

క్షమించండి. అమ్మగారి లాంటివాళ్ళ కోసమే రోడ్డు ఖాళీగా ఉండాలని నా తపన. మిమ్మల్ని అన్న మాట కాదు. ఆ పేరా ఇంకాస్త జాగ్రత్తగా రాయాల్సింది.

తెల్లకర్ర:

ఇక్కడ చాలాకాలంగా వింటున్నాను, రాయడం ఇదే మొదటిసారి. నాకు చూపు లేదు. స్క్రీన్ రీడర్ చదివి వినిపిస్తుంది.

రోడ్డు దాటేటప్పుడు నాకు కళ్ళు చెవులే. ఇంజను శబ్దం విని బండి ఎంత దూరంలో ఉంది, ఆగిందా కదులుతోందా, మలుపు తిరుగుతోందా అని తెలుసుకుంటాను. విద్యుత్ బండి నెమ్మదిగా వస్తే నాకు అది లేనట్టే. ఒకసారి పార్కింగ్ నుంచి వెనక్కి వస్తున్న కారు నా కర్రను తొక్కి విరిచింది. డ్రైవరు దిగి చాలా బాధపడ్డాడు, ఆయన తప్పేమీ లేదు. నాకు అరడుగు దూరంలో బండి ఉందని నాకు తెలియలేదు, అంతే.

దీనికి మందు ఉంది. యూరప్‌లో 2019 జులై నుంచి కొత్త మోడళ్ళకు, 2021 జులై నుంచి అమ్మే ప్రతి కొత్త విద్యుత్, హైబ్రిడ్ కారుకు, గంటకు 20 కిలోమీటర్ల లోపు వేగంలో, వెనక్కి వచ్చేటప్పుడు శబ్దం చేసే పరికరం తప్పనిసరి. ఆ వేగం దాటితే టైర్ల చప్పుడే వినిపిస్తుంది. మీ ముసాయిదాలో ఇది ఉందా? స్కూటర్లకూ ఉండాలి. నాకు ఎక్కువ భయం వాటితోనే, ఫుట్‌పాత్ మీదికి కూడా వచ్చేస్తాయి.

ఇంకో విషయం. ఛార్జింగ్ స్తంభాలను ఫుట్‌పాత్ మధ్యలో పాతుతున్నారు. నుదుటికి తగిలింది ఒకటి. కార్లు ఆగే వైపు రోడ్డు అంచున పెడితే నడిచే దారి మిగులుతుంది. ఇక ఇళ్ళ నుంచి దారికి అడ్డంగా లాగే ఛార్జింగ్ వైర్లు. కర్ర కొస వైరు కింద దూరి ఆగిపోతుంది, కాలు మాత్రం ముందుకు వెళ్ళిపోతుంది.

బస్సు గురించి మీ చర్చ అంతా విన్నాను. నేను కారు నడపలేను. ఎంత సబ్సిడీ ఇచ్చినా నాకు అందేది లేదు. బస్సులో తర్వాతి స్టాపు పేరు గట్టిగా వినిపించే స్పీకరు, స్టాపులో ఆగిన బస్సు తన నంబరు బయటికి చెప్పే స్పీకరు, ఈ రెండూ ఉంటే నేను ఎవరినీ అడగకుండా ఉద్యోగానికి వెళ్ళగలను.

స్టీరింగ్:

తల్లీ/అన్నా, మీరెవరో తెలియదు. ఈ కొత్త బస్సు చప్పుడు చేయదని నేను మురిసిపోతూ రాశాను. మీకు అదే ప్రమాదమని నాకు తట్టలేదు. మా రూటులో ఒక స్టాపులో కర్రతో ఒకాయన నిలబడతారు. డీజిల్ బండి ఉన్నప్పుడు ఆయనే చెయ్యెత్తేవారు. ఇప్పుడు ఎత్తడం లేదని గమనించాను గానీ ఎందుకో ఆలోచించలేదు. రేపటి నుంచి ఆ స్టాపులో తలుపు తెరిచి రూటు నంబరు నేనే గట్టిగా చెప్తాను. స్పీకరు వచ్చేదాకా.

మూడో అంతస్తు:

అసోసియేషన్ ఒప్పుకోక, నేను చుట్టం ఇంటి ముందు కారు పెట్టి కిటికీలోంచి వైరు లాగి ఛార్జి చేస్తున్నాను. నడిచే దారి మీదుగానే. అందరికీ కనబడాలని దాని మీద పసుపు రంగు టేపు వేశాను. తెల్లకర్ర గారూ, ఆ టేపు ఎవరికి పనికొస్తుందో మీ పోస్టు చదివాక తెలిసింది. ఈ రాత్రి నుంచి వైరు లాగను. పబ్లిక్ ఛార్జరు రెండు కిలోమీటర్ల దూరంలో ఉంది, అక్కడికే వెళ్తాను.

తొలకరి:

కాసేపు ఏమీ రాయలేకపోయాను.

డబ్బు ఎక్కడి నుంచి తేవాలన్నది ఒక్కటి మిగిలింది. చిట్టా గారూ, పెట్రోలు పన్ను తగ్గిపోతే బస్సుకు ఇచ్చే డబ్బూ తగ్గుతుంది కదా?

లెక్కల చిట్టా:

తగ్గుతుంది. తప్పించుకోలేం, ముందే చెప్పేయాలి. న్యూజిలాండ్ 2024 ఏప్రిల్ నుంచి విద్యుత్ కార్ల దగ్గర కూడా తిరిగిన దూరాన్ని బట్టి రోడ్డు రుసుము తీసుకుంటోంది. ఐస్‌లాండ్ అదే ఏడు జనవరిలో కిలోమీటరుకు 6 క్రోనాలు మొదలుపెట్టింది. లండన్‌లో 2003 నుంచి ఉన్న రద్దీ రుసుములో విద్యుత్ కార్లకు ఉన్న పూర్తి మినహాయింపు 2025 డిసెంబరుతో అయిపోయింది. అయితే విద్యుత్ బండ్లు పదిమందిలో ఒకరి దగ్గర కూడా లేని దేశం రేపే ఇది మొదలుపెడితే మొలకను తొక్కినట్టే. ఫలానా శాతం దాటాక ఫలానా రుసుము వస్తుందని ఇప్పుడే చట్టంలో రాసిపెడితే ఎవరూ మోసపోయామనుకోరు.

ఈలోగా ఫ్రాన్సు పద్ధతి ఉంది. 2008లో మొదలుపెట్టి, ఎక్కువ పొగ వదిలే కొత్త కారు మీద అదనపు రుసుము వేసి, ఆ డబ్బుతో తక్కువ వదిలే కారుకు బోనస్ ఇస్తూ వచ్చారు. మొదట్లో లెక్క తప్పి బోనసే ఎక్కువైంది, తర్వాత సరిచేసుకున్నారు. దీన్నే ఇంకో అడుగు ముందుకు తీసుకెళ్ళి, పెట్రోలు కారు మీద వేసిన రుసుములో సగం బస్సులకు పోవాలని అడగొచ్చు.

సొంత చమురు లేని దేశాలకు ఇంకో లెక్క కూడా ఉంది. ఇథియోపియా 2024 ప్రారంభంలో పెట్రోలు, డీజిలు కార్ల దిగుమతినే ఆపేసింది. విదేశీ మారకం ఇంధనానికి కరిగిపోతోంది, సొంత జల విద్యుత్తేమో చేతిలో ఉంది. అక్కడ పర్యావరణం కంటే ఖజానాయే ముందు మాట్లాడింది.

తొలకరి:

నిన్న రాత్రి ఉత్తరం రాశాను. కార్ల సబ్సిడీ పూర్తిగా ఎత్తేయమని రాద్దామని మొదలుపెట్టినదాన్ని, అలా రాయలేదు. ఖరీదైన కార్లకు తీసేసి, రోజంతా తిరిగే ఆటోలకు, సరుకు బండ్లకు, ద్విచక్ర వాహనాలకు ఉంచమన్నాను. వాటికి తేదీలు ముందే ప్రకటించి మెల్లమెల్లగా తగ్గించమన్నాను. మిగిలిన డబ్బు బస్సులకు, అందులోనూ మొదటి వాయిదా బస్సులకు కాకుండా డిపోల కరెంటుకు అడిగాను. స్టీరింగ్ గారి 6 శాతం సంగతి పేరు లేకుండా అలాగే పెట్టాను. అపార్ట్‌మెంట్ హక్కు, స్మార్ట్ ఛార్జరు, మెకానిక్కుల శిక్షణ, అన్నీ చేరాయి. శబ్దం, ఫుట్‌పాత్ గురించిన పేరాను మొదటి పేజీకి తెచ్చాను. తెల్లకర్ర గారూ, ఆ పేరా ఇది, ఒకసారి వినండి:

'విద్యుత్ వాహనాలకు, ద్విచక్ర వాహనాలతో సహా, తక్కువ వేగంలో వినిపించే శబ్దం తప్పనిసరి చేయాలి. ఛార్జింగ్ పరికరాలేవీ నడిచే దారిని ఆక్రమించకూడదు. కొత్తగా కొనే ప్రతి బస్సులో స్టాపు పేరును లోపల, రూటు నంబరును బయట వినిపించే ఏర్పాటు ఉండాలి. అంధులకు సౌకర్యంగా ఉంటుంది.'

తెల్లకర్ర:

బాగుంది. ఆఖరి వాక్యం తీసేయండి. మాకు సౌకర్యం అని రాస్తే, డబ్బు మిగిలితే చూద్దాం అనుకుంటారు. బస్సుకు తలుపు పెట్టడానికి ఎవరూ కారణం రాయరు.

తొలకరి:

తీసేశాను.

సబ్‌స్టేషన్:

డిపో పేరాలో ఒక మాట చేర్చండి: 'టెండరు పిలవడానికి ముందు పంపిణీ సంస్థ నుంచి రాతపూర్వక అంగీకారం'. రాతపూర్వక అన్న పదం ముఖ్యం.

తొలకరి:

చేర్చాను. ఇప్పుడే పంపాను, చేరినట్టు రసీదు వచ్చింది. గడువుకు ఇంకా రెండు రోజులుంది. స్పానర్, షెడ్డులో కోడ్ చదవలేక ఆగిపోయిన ఆ ఆటో గురించి నువ్వు కూడా నీ పేరుతో ఒకటి పంపు. నాలుగు లైన్లు చాలు, చిరునామా ముసాయిదా చివరి పేజీలో ఉంది.

స్పానర్:

రాస్తున్నాను అక్కా. ఆ ఆటో అతను కూడా సంతకం పెడతానన్నాడు.